పాచి పట్టని నీళ్ళు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులవి. నా ఫోన్‌కి మాత్రం కంపెనీ వాళ్ళ మెసేజీలు తప్ప ఏమీ వచ్చేవి కావు. రేపల్లెలో కాలేజీలో బోటనీ చెప్తూ, ఒక మేడగదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. తోటి లెక్చరర్లు ఆదివారాలు సూర్యలంక బీచికి వెళ్ళేవారు. నన్ను పిలవడం మర్చిపోయేవారు. పిలిచినా వెళ్ళేదాన్ని కాదేమో, అయినా పిలవాలి కదా.

డాబా మీద ప్లాస్టిక్ టబ్బుల్లో, నీళ్ళ మీద తేలుతూ పెరిగే అంతరతామర పెంచేదాన్ని. తెనాలి కాలవలోంచి తెచ్చిన మొక్కలవి. ఒక టబ్బులో మామూలు నీళ్ళు, మిగతా వాటిలో కొద్దికొద్దిగా పాదరసం ఉప్పు కలిపిన నీళ్ళు. ఆ విషాన్ని మొక్క ఎంతవరకు తట్టుకుంటుందో చూడడమే నా పిహెచ్‌డి. మామూలు టబ్బు గోడలకు పచ్చగా పాచి పట్టింది, మొక్కలు పిల్లలు వేసి నీళ్ళు కనపడకుండా కమ్మేశాయి. పాదరసం టబ్బుల్లో ఆకులు పాలిపోయాయి, వేళ్ళు నల్లబడి ఊడిపోయాయి. నీళ్ళు మాత్రం చూడ్డానికి తేటగా ఉండేవి. పాచి కూడా బతకని నీళ్ళవి. మంచి టబ్బు మంచిగా ఉంటేనే, దాని పక్కన పెట్టి మిగతావి ఎంత చెడ్డాయో చూపించగలను.

ఇంటావిడ కొల్లూరు వైపు రైతుల ఆడపడుచు. ఎదురైతే తిన్నావా అని అడిగేది, తిన్నానండి అనేదాన్ని, అంతటితో సరి. మోకాళ్ళ నొప్పులతో మేడ ఎక్కేది కాదు కాబట్టి టబ్బుల సంగతి ఆవిడకు చెప్పాలని తోచలేదు.

ఒకరోజు బాపట్లలో మా గైడ్ సార్‌ని కలిసి సాయంత్రానికి తిరిగొచ్చాను. మంచి టబ్బు సగం ఖాళీ. చెడ్డ టబ్బులన్నిట్లో పచ్చటి మొక్కలు, వరసగా. పక్కనే ఇంటావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"రోజూ వీటి దగ్గర కూర్చుని దిగులుపడతన్నావు, కింద వాకిట్లోంచి చూస్తానే ఉన్నా. ఉండబట్టలేక ఇయ్యాల ఎట్టాగో మెట్లెక్కొచ్చా. చచ్చినచోట ఒత్తుగా ఉన్నచోటి నించి పీకి పూడ్చానమ్మాయ్. ఊడ్పులయ్యాక మా చేలో అంతే చేస్తాం. పైగా ఈ నీళ్ళు తేటగా ఉన్నాయి, తొందరగా తేరుకుంటయ్."

కోపంతో ఒళ్ళు మండిపోయింది. నెలల తరబడి చేసిన పని గంగలో కలిసింది. నోరు తెరవబోతూ ఆవిడ చేతులు చూశాను. మోచేతుల దాకా తడి. కోపం పోయి భయం పట్టుకుంది. కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి, సబ్బు పెట్టి కడిగాను, మళ్ళీ కడిగాను. కడుగుతూనే అది విషమని చెప్పాను. ఇంకో మనిషి చేయి పట్టుకుని ఎంతకాలమైందో గుర్తు రాలేదు.

ఆవిడ చేతులు వెనక్కి తీసుకోలేదు. "మరి నువ్వు రోజూ అందులో చేతులు పెడతన్నావా?" అంది.

గ్లవ్స్ వేసుకుంటానని చెప్పి, ఆవిడ చేతులు ఇంకోసారి కడిగాను. ఆ ఊళ్ళో నా గురించి భయపడిన మనిషి ఆవిడొక్కతే.

ఆవిడ పూడ్చిన మొక్కలూ నాలుగు రోజుల్లో పాలిపోవడం మొదలెట్టాయి. నేను కొత్త టబ్బులతో మళ్ళీ మొదటికొచ్చాను. ఆవిడ రోజూ ఆ మోకాళ్ళతోనే మెట్లెక్కి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు నా పక్కన నిలబడి వెళ్ళేది.