సంధ్య గడగడా చదివిన పేరా

2023 జూన్ 19, సోమవారం, ఉదయం పదిన్నర. సూరత్‌లోని లింబాయత్‌లో ఒక బడి, మేడ మీద చివరి గది. పక్క సందులో మరమగ్గాల చప్పుడు ఆగదు కాబట్టి, పరీక్ష పెట్టేముందు కిటికీలు మూశాను. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా అది నాకు ఇరవై రెండో ఏడు.

సంధ్య పదో తరగతి, గుజరాతీ మీడియం. తల్లిదండ్రులు సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళు. ఆ పిల్లకు డిస్‌లెక్సియా. తెలివికి లోటు లేదు, అక్షరాలు మాత్రం మాటలుగా కూడవు. ఏడో తరగతిలో ఇచ్చిన సర్టిఫికెట్‌కు గడువు తీరింది. బోర్డు పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించే రీడర్, పేపరుకు గంట అదనపు సమయం దొరకాలంటే రీ-ఎవాల్యుయేషన్ చేయాలి. అంటే ఇబ్బంది ఇంకా ఉందా, ఎంత ఉంది అని మళ్ళీ కొలవాలి.

మూడేళ్ళుగా సోమవారాలు నా దగ్గర కూర్చునేది. ఇక్కడి హజీరా ఫ్యాక్టరీలో పనిచేసిన మా ఆయన పోయాక, వారంలో నేను తెలుగు మాట్లాడేది ఆ ఒక్క గంటే.

గుజరాతీ పేరా ముందు పెట్టాను. గడగడా చదివేసింది. నోరు ఆఖరి వాక్యంలో ఉంది, వేలు మాత్రం రెండో వరుస దాటలేదు.

మధ్యలో ఒక మాట చూపించాను. "ఇదేమిటి?"

పైకప్పు కేసి చూసి, మొదటి నుంచి పెదవులు కదిపింది.

"ఎవరు నేర్పారమ్మా?"

"మమ్మీ. నూలు కండెలు చుట్టుకుంట రోజు ఫోన్‌ల ఇనిపిచ్చింది. బరాబర్ చదివిన గద టీచర్?"

ముందు వారం పక్కింటి పిల్లను పరీక్షకు తెచ్చింది సంధ్య తల్లి పద్మే. చివర్లో, వింటే ఆ పిల్లకు ఎంత అర్థమవుతుందో చూడటానికి నేను ఇదే పేరా చదివి వినిపిస్తుంటే, బెంచీ మీద కూర్చుని, నేను గమనించకుండా ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఇప్పుడామెను బయటి నుంచి పిలిచాను.

"ఫెయిలైతే బడిలకెల్లి తీసేస్తరేమోనని బుగులైంది మేడమ్. జర పాసైతదని..."

"ఇందులో పాసూ ఫెయిలూ లేవు పద్మా. చదవలేకపోతోందని తేలితేనే సాయం."

"గిదేం పరీక్ష మేడమ్, రాకుంటెనే ఇచ్చేది!" నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. "గట్లయితే తక్కువేసి రాయుండ్రి. పిల్ల సంగతి మీకెరుకే గద."

ఎరుకే. కానీ కొలవనిదానికి అంకె వేయలేను. ముందే తెలిసిన పేరాతో వచ్చిన ఫలితం చెల్లదు. దాన్ని ప్రాక్టీస్ ఎఫెక్ట్ అంటారు. ఇలా కొలవడానికి పనికొచ్చే ప్రామాణిక పేరాల సెట్ మా దగ్గర గుజరాతీలో ఒక్కటే ఉంది. అదే సెట్ మళ్ళీ పెట్టాలంటే ఆరు నెలలు ఆగాలి. జరిగింది జరిగినట్టు రాసి బోర్డుకు పంపాను. అంకె లేని రిపోర్టు తిరిగొచ్చింది. డిసెంబరులో మళ్ళీ కొలిచాను. ఇబ్బంది అలాగే ఉంది. అప్పటికి బోర్డు దరఖాస్తు గడువు దాటిపోయింది.

మార్చిలో బోర్డు పరీక్షలు రీడర్ లేకుండా సంధ్య ఒక్కతే రాసింది. పరీక్షలయ్యాక సైన్స్ పేపరు నేను చదివి వినిపిస్తే, చాలా ప్రశ్నలకు నోటితో జవాబులు చెప్పింది. ఆ పేపరు పోయింది, ఇంకో రెండు కూడా పోయాయి. మళ్ళీ రాయమంటే "వద్దు టీచర్" అంది. ఇప్పుడు ఇంట్లో చీరలకు రాళ్ళు అంటిస్తోంది.

అప్పటినుంచి పరీక్షకు ముందు తల్లులను కూర్చోబెట్టి, ఇది దేనికో చెబుతాను. వాళ్ళచేత తిరిగి నాకు చెప్పించుకున్నాకే పేరా తీస్తాను.

పోయినవి ఇవి: ఒక రీడర్, పేపరుకు ఒక గంట, మూడు సబ్జెక్టులు, సంధ్య చదువు. సోమవారం నేను తెలుగు మాట్లాడే గంట.