కనకరత్నం ఇచ్చిన ప్రభు బల్ల

కనకరత్నం ముప్పయ్యేళ్ళు బందరులో ఆసుపత్రి ఆయాగా పనిచేసింది. రిటైరయ్యాక కోడూరు దగ్గరున్న సొంతూరికొచ్చి, చర్చి ఊడవడం, గంట కొట్టడం, ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల గిన్నెలు కడగడం తన పనిగా పెట్టుకుంది. పాస్టర్ ప్రభాకర్ని చూస్తే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది.

మొదట్లో ఆయన బాగానే ఉండేవాడు. మొన్నటి ఎన్నికలప్పుడు ఎవరు గెలుస్తారో చెబుతూ పెట్టిన వీడియోని లక్షమంది చూశారు. అంతే, ఆయనకు చర్చికొచ్చే సంఘం కనపడటం మానేసింది. మోషేతో మొదలైన ప్రసంగం పది నిమిషాల్లో గుడివాడ సీటు దగ్గర తేలేది.

పాస్టర్లు రాజకీయం మాట్లాడకూడదని కనకరత్నం ఏనాడూ అనలేదు. ఆమె చిన్నప్పటి పాస్టరు గారు సమాధుల స్థలం కోసం కలెక్టరాఫీసు మెట్లమీద మూడు రోజులు కూర్చున్నారు. ఈయన కూర్చునేది వీడియో తీసుకునే రింగు లైటు ముందు!

చర్చిలో నలభై ఏళ్ళు డోలక్ వాయించిన రాజబాబుకి లివరు పాడై, డాక్టర్లు ఇంటికి పంపేశారు.

"అక్కా, ఒక్కసారి బల్ల తీసుకోవాలనుంది. పాస్టరు గారిని పిలువ్" అన్నాడు, చూడ్డానికెళ్ళిన కనకరత్నంతో.

మూడుసార్లు ఫోన్ చేసినా ప్రభాకర్ ఎత్తలేదు. ఆమే వెళ్ళింది. ఆయన అద్దం ముందు ముఖానికి పౌడరు అద్దుకుంటున్నాడు.

"ఆరింటికి లైవ్ ఉందమ్మా, పొత్తుల మీద. రేపు వస్తానని చెప్పండి."

"రేపటిదాకా ఉంటాడో లేదో అయ్యగారూ."

"ఇదీ దేవుడి పనే కదమ్మా! రాష్ట్రమంతా ఎదురుచూస్తోంది."

రాష్ట్రమంతా! పక్కగదిలో ఆయన భార్యే సీరియల్ చూసుకుంటోంది.

కనకరత్నం వెనక్కి తిరిగింది. చర్చి తాళం తీసి రొట్టె, ద్రాక్షరసం పట్టుకెళ్ళింది. పాస్టరు కానివాళ్ళు ఇవ్వకూడదని తెలుసు. అయినా తుంచి నోటికందించింది. రాజబాబు ఒక్క ముక్క మింగి, "చాలక్కా" అన్నాడు. మర్నాడు ఉదయం పోయాడు.

సమాధి దగ్గర ప్రభాకర్, "రాజబాబు లాంటి పేదల్ని ఈ పార్టీలు..." అంటూ వీడియో తీస్తున్న ఫోన్ వైపు తిరిగాడు.

"అయ్యగారూ, మా ఆయన పేరెత్తారు కదా, అది చాలు. ఇక మట్టి వెయ్యండి" అంది రాజబాబు భార్య సౌభాగ్యమ్మ.

ఆ వారమే సంఘం కమిటీ కనకరత్నాన్ని పిలిపించింది.

"బల్ల ఇవ్వడానికి మీకేం అధికారం ఉంది?" అన్నాడు ప్రభాకర్.

"చచ్చిపోయేవాడు అడిగాడు."

"మీరు తప్పొప్పుకోవాలి."

"ఒప్పుకుంటానండీ. మీకోసం మీ గుమ్మం దాకా రావడం నా తప్పే" అని చర్చి తాళాలు కమిటీ ముందు పెట్టేసి వచ్చేసింది.

'సంఘంలో తిరుగుబాటు' అని ప్రభాకర్ ఇంకో వీడియో పెట్టాడు. దాన్నీ బోలెడుమంది చూశారు.

కనకరత్నం ఇప్పుడు పాలకాయతిప్ప దారిలోని చిన్న సంఘానికి వెళుతోంది. అక్కడి పాస్టరు ప్రసంగం చప్పగా ఉంటుందనీ, వింటుంటే కునుకు పడుతుందనీ ఆమే చెబుతుంది. ఎవరికైనా జ్వరమొస్తే మాత్రం, పిలవకముందే ఆ మనిషి సైకిల్ వాళ్ళ వాకిట్లో ఉంటుందట.