రామేశ్వరం వెళ్ళి సముద్రం చూడని పెద్దమ్మ

పోయిన వారం మా తమ్ముడి కొడుకూ కోడలూ పిల్లలను తీసుకొని రామేశ్వరం వెళ్ళిరావాలనుకొని, ధర్మపురిలోని మా ఇంటి వసారాలో కూర్చొని ఫోనులో ఒక తమిళ వీడియో చూస్తున్నారు. అందులో ఒక యువకుడు, ఎవరో తరుముతున్నట్లుగా మాట్లాడుతూ, ఆ ద్వీపంలో తప్పక చూడవలసిన స్థలాలను ఒకదాని వెంట ఒకటి చూపించాడు. పడమట ఉన్న పాంబన్ వంతెన నుంచి తూర్పు కొసనున్న ధనుష్కోటికి దుమికి, అక్కడి నుంచి మళ్ళీ ఊరి నడుమనున్న గుడికి వచ్చి, ఆ వెంటనే గంధమాదన పర్వతం మీద తేలాడు. పటం ముందు పెట్టుకొని దిక్కుల ప్రకారం చెప్పవలసిన విషయాన్ని అంత చెల్లాచెదరు చేయడం నేను సహించలేకపోయాను. నా ముఖం చూసి కోడలు నవ్వి, “అత్తా, మీరు చిన్నప్పుడే పోయినారంట కదా. అక్కడ నిజంగా చూసేదానికి బాగుండేది ఏది, మీరే చెప్పండి” అన్నది.

ఉపాధ్యాయినిగా పనిచేసినదాన్ని కనుక వరుసగానే చెప్పాను. తెల్లవారుజామున అగ్నితీర్థంలో మునక, తడిబట్టలతోనే గుడిలోని ఇరవై రెండు తీర్థాల స్నానం, పొడిబట్టలు కట్టుకొని దర్శనం, ఆ తరువాత స్తంభాల ప్రాకారాన్ని తొందరపడక ఒక చుట్టు. ఎండ తగ్గాక గంధమాదన పర్వతం ఎక్కితే ఇసుకదిబ్బలూ కొబ్బరితోపులూ వాటికి ఆవల నీలంగా నీరూ కనిపిస్తాయి. మరునాడు కోదండరామస్వామి గుడి చూసుకొని, తుఫాను మింగివేసిన ధనుష్కోటి శిథిలాల దాకా వెళ్ళి రెండు సముద్రాలు కలిసేచోట నిలబడవచ్చు. ఇంతవరకు చెప్పి ఊరుకున్నాను. అయితే ఆ ఊరి పేరు వింటే నాకు మొదట కనిపించేది వీటిలో ఏదీ కాదు. ఒక సత్రంలోని చీకటి గది, ఆ గదిలో పీట మీద పసుపుగుడ్డ చుట్టిన పెట్టె, దాని పక్కన గోడకానుకొని కూర్చున్న మా పెద్దమ్మ. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు. మా పిల్లలకు ఇంట్లో మాట్లాడుకొనే తెలుగు వచ్చు గాని అక్షరాలు రావు. కాబట్టి నేనిక్కడ వ్రాస్తున్నది వాళ్ళ కంట పడినా వాళ్ళకు తెలియబోదు. చదవగలిగిన నా ఈడువారితో చెప్పుకొంటున్నాను.

మాది పాపిరెడ్డిపట్టి వైపు ఒక పల్లె. మా పూర్వులు ఏ కాలంలో ఈ సీమకు వచ్చారో ఇంట్లో ఎవరూ చెప్పలేరు గాని, వచ్చినప్పుడు తెచ్చుకొన్నదని చెప్పే దేవర పెట్టె మాత్రం మా ఇంటి గూటిలో ఉండేది. పనసచెక్కతో చేసి, మూలలకు ఇత్తడి రేకులు కొట్టిన పెట్టె. లోపల బొటనవ్రేలంత వెండి విగ్రహాలు. తరానికొకసారి ఆ దేవరకు రామేశ్వరం తీర్థాల నీటితో స్నానం చేయించి తీసుకురావడం మా వంశాచారం. దానికి నియమాలు గట్టివి. ఇంటి గడప దాటేముందు పెట్టెకు పసుపుగుడ్డ చుట్టి ముడి వేయవలసింది పెద్దకోడలు. ఆ ముడి ఆమె తప్ప మరొకరు విప్పరాదు, ఆ పెట్టె ఆమె తప్ప మరొకరు మోయరాదు, మళ్ళీ ఇల్లు చేరి గూటిలో పెట్టేదాకా ఆమె దానిని విడిచి కదలరాదు. పెట్టె వీధిలోకి వస్తే ఇంటి మగవాడొకడు గంట వాయిస్తూ ముందు నడవాలి. క్రమమంటే నాకు పసితనం నుంచీ ఇష్టం. ఇన్ని నియమాలు ఒకదానితో ఒకటి అంత చక్కగా అమరి ఉండడం చూసి అప్పట్లో ముచ్చటపడ్డాను. అంత చక్కని అమరికలో ఒక మనిషి చూపు గోడకు ఎదురై ఆగిపోతుందని ఊహించే వయస్సు కాదు అది.

మా నాయనకు అన్న భార్య మా పెద్దమ్మ. కంబైనల్లూరు దగ్గర మెట్టపొలాల ఊరిలో పుట్టింది. తాళ్ళు అరిగేదాకా చేదినా బిందె నిండని బావుల మధ్య పెరిగినది కావడం చేతనేమో, అంత నీరు ఒకేచోట ఉంటుందన్న మాట ఆమెకు నమ్మశక్యంగా ఉండేది కాదు. రామేశ్వర ప్రయాణం నిశ్చయమైన నాటి నుంచి ఆమె సాయంకాలం పనులు ముగించుకొని నా బడి పటాల పుస్తకం తెరిపించి, భారతదేశం కాళ్ళ దగ్గర ఉన్న నీలిరంగు మీద వ్రేలు పెట్టి, “ఇదంతా నీళ్ళేనా పాపా, నడుమ మన్ను కొంచెం కూడా లేదా” అని అడిగేది. చీర కావాలని గాని నగ కావాలని గాని ఆమె నోరు విప్పి అడిగినట్లు నేనెరుగను. అడిగింది సముద్రం ఒక్కటే. అది కూడా అత్తగారైన మా అవ్వతో కాదు, పెద్దనాయనతో కాదు; మా అమ్మతో, పిండి విసురుకొంటూ.

తిరుచ్చి దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. పెట్టెకు గాలి తగలకూడదని పెద్దమ్మను కిటికీకి దూరంగా కూర్చోబెట్టారు. తెల్లవారకముందే వంతెన దాటిపోయాము గనుక ఎవరికీ ఏమీ కనిపించలేదు. సత్రం చేరిన తరువాత ఆమెకు లోపలి గది ఇచ్చారు. దానికి కిటికీ లేదు. అగ్నితీర్థం ఆ సత్రానికి రెండు వీధుల ఆవలే ఉంది. అలల మ్రోత మాత్రం గోడలు దాటి వచ్చేది. దేవర స్నానానికి తీర్థాల నీళ్ళు మగవాళ్ళు బిందెలతో తెచ్చి ఆ గదిలోనే అభిషేకం చేయించారు. ముడి విప్పింది పెద్దమ్మ, మళ్ళీ కట్టింది పెద్దమ్మ. మేము మాత్రం జంటలు జంటలుగా, పిల్లల గుంపులుగా వెళ్ళి అన్నీ చూసి వచ్చేవాళ్ళము. వచ్చిన ప్రతిసారి ఆమె మా తలలను తాకి చూసేది. జుట్టులో ఇసుక దొరికితే వ్రేళ్ళ మధ్య నలిపి వదిలేది.

మా అమ్మ ఉండబట్టలేక ఒకనాడు అవ్వ ఎదుటనే అడిగింది. “ఒక గంటసేపు పెట్టె కాడ నేను కూర్చుంటా అత్తా. అక్క పోయి చూసి వస్తుంది. ఏమి మునిగిపోతుంది ఇప్పుడు?”

“చేయి మారకూడదు” అన్నది అవ్వ.

“ముట్టుకోను. ఊరికే పక్కన కూర్చుంటా.”

“నా కాలంలో నేను కూర్చోలేదా ఈ గదిలోనే? నేను చూసినానా సముద్రం? చూడకపోతే నేను బతకలేదా?”

 నేనైతే అంతవరకు అవ్వ అన్నీ చూసినదని అనుకొన్నాను. తాను పడినది మరొకరు పడకూడదని కొందరు అనుకొంటారు. తాను పడినది మరొకరు తప్పించుకోకూడదని ఎక్కువమంది అనుకొంటారు. నియమాలను ఇంతకాలం నిలబెట్టినవారు ఆ రెండవ తెగవారేనని నేను నా ఉద్యోగంలో కూడా చూశాను.

ఎట్లాగో, తిరుగు ప్రయాణం నాటి ఉదయం అవ్వ కొంత మెత్తబడింది. పెట్టె ఒడిలో పెట్టుకొని పెద్దమ్మ ఒడ్డు మెట్ల మీద కూర్చొని చూసి రావచ్చు, నీళ్ళలో కాలు పెట్టకూడదు, మగవాడు గంట వాయిస్తూ ముందు నడవాలి అని తీర్పు చెప్పింది. మగవాళ్ళు ముగ్గురూ, అంటే పెద్దనాయన, నాయన, చిన్నాయన, ధనుష్కోటిలో పితృకార్యం చేసి, సేతువు ఇసుక తీసుకొని మధ్యాహ్నానికల్లా వస్తామని బయలుదేరారు. వచ్చీరాగానే పెద్దమ్మను తీసుకొని వెళ్ళాలని ఏర్పాటు. పెద్దనాయన తలూపాడు. ఆయన జీవితమంతా తలూపిన మనిషి, అందరికీ.

మధ్యాహ్నం భోజనాలు కాగానే పెద్దమ్మ తల దువ్వుకొని, బొట్టు దిద్దుకొని, పెట్టెను ఒడిలో పెట్టుకొని గడపకు లోపలి వైపున కూర్చున్నది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. వీధిలో ఎండ గోడ మీదికి ఎక్కుతున్నది. మగవాళ్ళు రాలేదు.

“ఎట్ల ఉంటుంది పాపా?” అని అడిగింది.

“ఆవలి గట్టు కనిపించదు పెద్దమ్మా.”

“ఎంత తేరిపార చూసినా?”

“ఎంత చూసినా.”

“అట్లయితే చూపు ఎక్కడ నిలబెట్టాల” అన్నది. 

ఎండ పూర్తిగా పైకప్పులు చేరాక మా అమ్మ గంట చేత పట్టుకొని వచ్చింది. “లే అక్కా. నేనే వాయిస్తా, పోదాం. ఎవరు చూడవచ్చినారు?” పెద్దమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ కాదనలేదు, ఔననలేదు. అటు తిరిగి పడుకొన్నది. పెద్దమ్మ లేవబోయి, మళ్ళీ కూర్చొని, “వద్దులే చెల్లీ. రేపు ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చినా నా పేరే చెబుతారు” అన్నది.

మగవాళ్ళు దీపాలు పెట్టే వేళకు వచ్చారు. బండి విరగలేదు, దారి తప్పలేదు. ధనుష్కోటి నుంచి ఎప్పుడో తిరిగివచ్చి, ఈ సత్రపు వీధి మొదలు మీదుగానే విల్లూండి తీర్థానికి వెళ్ళారట. ఇంత దూరం వచ్చి అది చూడకపోతే ఊరిలో నవ్వుతారని మా చిన్నాయన పట్టుబట్టాడట, పెద్దనాయన తలూపాడట. రైలుకు వేళయింది, మూటలు కట్టమన్నారు. చిన్నాయన మాత్రం మహా ఉత్సాహంగా ఒక చెంబు పట్టుకొని పెద్దమ్మ దగ్గరికి వచ్చి, “వదినా, సముద్రం నడుమ బావి, అందులో తీపి నీళ్ళు. తాగి చూడు. నీకేమి, మేమంతా సముద్రం కాడికి పోతే, నీ కాడికి సముద్రమే నడిచి వచ్చింది” అన్నాడు. ఆయనకు అది హాస్యం. అందరూ నవ్వారు కూడా. పెద్దమ్మ దోసిలి పట్టి త్రాగి, “ఉప్పు లేదే” అన్నది. 

వంతెన మీద రైలు మెల్లగా పోతుంది. చక్రాల చప్పుడు మారగానే ఆమె నా చేయి పట్టుకొని, “ఇదేనా?” అని అడిగింది. ఔనన్నాను. బయట నల్లగా ఉన్నది.

ఊరు చేరినప్పుడు తప్పెటలతో ఎదురువచ్చారు. ఆడవాళ్ళు బారులు తీరి పెద్దమ్మ కాళ్ళకు నీళ్ళు పోసి మ్రొక్కి, ఏమేమి చూసినావమ్మా అని అడిగారు. మేము చెప్పగా విన్న ప్రాకారాన్నీ తీర్థాలనూ పర్వతాన్నీ ఆమె ఒక్కటి కూడా తప్పకుండా చెప్పింది. సముద్రం మాట వచ్చినప్పుడు, “ఆవలి గట్టు కనిపించదు” అన్నది. సత్రం గడప దగ్గర నేను ఆమెకు చెప్పిన మాటే అది. ఆమె మళ్ళీ ఎన్నడూ ఆ వైపు వెళ్ళలేదు. వెళ్ళాలని ఎవరూ అనలేదు. దేవర స్నానం తరానికొకసారే గదా. ఆమె కన్నుమూసినప్పుడు అంత పుణ్యాత్మురాలు లేదని ఊరంతా చెప్పుకొన్నది.

నేడు ద్వీపానికి రోడ్డు వంతెన ఉన్నది, రైలుకు కొత్త వంతెన వచ్చినదట, ధనుష్కోటి కొస దాకా తారు రోడ్డు పడినదట. మంచిదే. ఆ దేవర పెట్టె మా ఇంట్లోనే, అద్దాల బీరువాలో, వెండిగిన్నెల సరసన ఉంది. ప్రయాణం మాటల నడుమ కోడలికి ఏమి గుర్తుకు వచ్చినదో, “మన పెట్టె తీసుకొని పోవాలంట కదా, ఏదో సాంగ్యం ఉందంట కదా” అని మొగుణ్ణి అడిగింది. పెద్దమ్మకు పిల్లలు లేరు గనుక, ఇప్పుడు ఇంటికి పెద్దకోడలు ఆమే. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. వాడు ఫోను మీది నుంచి తలెత్తకుండానే, “అదెల్లాం ఎందుకు? కారులో ఇడం లేదు” అన్నాడు. అదంతా ఎందుకట, చోటు లేదట. ఆమె “సరి” అన్నది.

పెద్దకోడలు సముద్రం చూడబోతున్నందుకు నేను సంతోషించాను. అందులో కపటం లేదు. నా కడుపు మండినది మరొకందుకు. ఒక మనిషి కోరికకు కదలని నియమం, మా అమ్మ బతిమాలినా కదలని నియమం, కారు డిక్కీ కొలతకు కదిలిపోయింది. అది తప్పని తెలుసుకొని ఎవరూ దానిని తీసివేయలేదు; అడ్డమైనది గనుక పక్కకు నెట్టారు. దానివలన ఏమి పోయినదో, ఎవరికి పోయినదో ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కతెనే మిగిలాను.