గట్టు చివరికెళ్లే బండి

పదహారేళ్లు ఉప్పు మోసింది తాయారు. నౌపడ ఉప్పు మళ్లలో ఆ కొసన ఉప్పు రాశి, ఈ కొసన తారురోడ్డు, మధ్యలో అర కిలోమీటరు మట్టిగట్టు. ట్రాక్టరు వెళితే తిరగడానికి చోటుండదు. వ్యాను వెళితే, నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. మరి ఉప్పు రోడ్డుకెలా చేరాలి? ఆడవాళ్ల నెత్తులున్నాయి కదా! ఊరి పెద్దల తెలివి అంతవరకే సాగింది.

మెడపూసలు అరిగిపోయాయి, ఇక తట్ట ఎత్తావంటే మంచాన పడతావని డాక్టరు చెప్పాక తాయారు డ్రైవింగు నేర్చుకుంది. పాత పికప్పు వ్యాను కొంది. అయినా ఏం లాభం? బండి రోడ్డు మీదే ఆగాలి. అరవయ్యేళ్ల అత్త సుభద్రమ్మ గట్టంతా నడిచి, నెత్తిన తట్టతో వచ్చి కోడలి బండిలో ఉప్పు పోయాలి. స్టీరింగు ముందు ఊరికే కూర్చుని అది చూడడం తాయారుకు ఒళ్లు మండించేది. తన మీద తనకే మంట.

ఒకరోజు బండిని తిన్నగా అసిరయ్య షెడ్డుకు తోలింది. ముప్పయ్యేళ్లు సాలూరు కొండల్లో జీపులు బాగుచేసిన మెకానిక్కు అతను, వరసకు మావయ్య.

"మావా, ఎనక సక్రాలు తోస్తే సాల్లేదు. ముందువి కూడా లాగాల. సెయ్యగలవా?"

అసిరయ్య బండి కిందకు దూరి చాలాసేపటికి బయటికొచ్చాడు. "అవుతాది గానీ శానా పనే. ఊరంతా నవ్వుతాది."

"నవ్వనీ. ఆళ్ల నోళ్లు, ఆళ్ల ఇష్టం."

తుక్కు దుకాణంలో పాత జీపు ముందు ఇరుసు దొరికింది. అసిరయ్య చక్రానికి సున్నం బొట్టు పెట్టి, చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాడు. ముందూ వెనకా ఒకే లెక్కన తిరగకపోతే ఒకదాన్నొకటి ఈడ్చుకుని చస్తాయన్నాడు. లెక్క కుదరలేదు. తాయారు ఆ ఇరుసును తిరిగి దుకాణానికి మోయించుకెళ్లి, కొట్టువాడితో పోట్లాడి ఇంకోటి తెచ్చింది. అది కుదిరింది. శక్తిని ముందు చక్రాలకు పంచే చిన్న గేరుబాక్సు బిగించారు. ముందు చక్రాలను కలపడానికి, విడదీయడానికి మోకాలి పక్కన ఇంకో గేరు రాడ్డు వచ్చింది. నలభై రోజులు పట్టింది. మార్పును కాగితాల్లో ఎక్కించమని రవాణా ఆఫీసులో అర్జీ కూడా పెట్టింది తాయారు.

ఆ ఊళ్లో బండి ఏదైనా అమ్మవారి గుడి చుట్టూ మూడుసార్లు తిప్పనిదే పనికి తీయరు. గుడి చుట్టూ ఈమధ్యే సిమెంటు పోశారు. నాలుగు చక్రాల పట్టు బురదలోనే వెయ్యాలని అసిరయ్య చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. కానీ ఊరంతా నిలబడి చూస్తుంటే తాయారు చెయ్యి ఊరుకుంటుందా? కొత్త రాడ్డు ముందుకు తోసింది. మొదటి చుట్టుకే స్టీరింగు బిగిసింది. రెండో చుట్టులో బండి మూలిగింది. మూడో చుట్టు సగంలో ముందు చక్రం దగ్గర ఫట్‌మని ఏదో విరిగింది.

ఉప్పు వ్యాపారి యుగంధర్ పగలబడి నవ్వాడు. "అమ్మోరికే నచ్చనేదు సూడండ్రా!"

సుభద్రమ్మ ఏడుపు అందుకుంది. "పీకించేయవే. తట్ట మోసుకునే బతుకుదాం."

తాయారుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా తల దించలేదు. "ఎందుకిరిగింది మావా?" అని అందరి ముందే అడిగింది.

"మలుపులో సక్రాలన్నీ ఒక్కలాగ తిరగవే. బురదైతే జారి సర్దుకుంటాది. సిమెంటు జారనివ్వదు, ఇనుమే ఇరుగుతాది. సెప్పాను కదేటి!"

"అయితే తప్పు నాది. బండిది కాదు, అమ్మోరిది అసలే కాదు," అని గుడి ముందు గట్టిగా చెప్పింది తాయారు. రాడ్డు వెనక్కి లాగి, వెనక చక్రాల మీదే మిగతా చుట్టు పూర్తిచేసి దిగింది.

విరిగిన ముక్క మార్చిన నాలుగో రోజు, మే నెలలో, తుపాను కబురొచ్చింది. పొద్దున్నే జల్లు మొదలైంది. రాశుల మీద తాటాకు కప్పారు కానీ, గాలివాన ముందు తాటాకు ఎంతసేపు ఆగుతుంది? ఆడవాళ్లు తలగుడ్డలు చుట్టుకుని వరసలో నిలబడ్డారు. ముందు సుభద్రమ్మ.

"నెత్తికెత్తకండి. రాశికాడ బండిలో పొయ్యండి, సాలు," అంది తాయారు.

గట్టు మధ్యలో వెనక చక్రాలు దిగబడ్డాయి. రోడ్డు మీద యుగంధర్ గొంతు అప్పుడే లేచింది. తాయారు రాడ్డు ముందుకు తోసింది. ముందు చక్రాలు బురదను పట్టుకున్నాయి, వదిలాయి, మళ్లీ పట్టుకున్నాయి. బండి ఊగిపోతూ పైకి లేచి, గట్టు చివరికంటా వెళ్లింది. అక్కడ ముందుకీ వెనక్కీ ఆడించి తిప్పుకుని, నిండా ఉప్పుతో రోడ్డెక్కింది.

యుగంధర్ బండికి అడ్డం నిలబడ్డాడు. "ఈ మార్పుకి పర్మిషను రానేదు. బ్రేకు ఇన్‌స్పెక్టరుకి సెప్తాను."

"సెప్పు. బేగి రమ్మను. అర్జీ సూపిస్తాను, బండి సూపిస్తాను. ఆపమంటే ఆపుతాను. కానీ ముందు ఆ కొస నుంచి ఈ కొసకి ఒక్క తట్ట నెత్తినెట్టుకుని రమ్మను. ఆయన ఎనక నువ్వూ ఒకటి ఎత్తుకో. అప్పుడు మాటాడుదుం."

ఈసారి నవ్వింది ఆడవాళ్లు. యుగంధర్ పక్కకు తప్పుకున్నాడు.

వాన ముదిరేలోగా తాయారు పదకొండుసార్లు గట్టు చివరికెళ్లి వచ్చింది. సుభద్రమ్మ ఆ రోజు ఒక్క తట్ట కూడా నెత్తికెత్తలేదు.