చెయ్యెత్తని గర్వం

మా ఇంట్లో రెండు పొయ్యిలు ఉండేవి. ఒకటి నాది, ఒకటి మా అత్తది. మా ఆయన నాపరాళ్ళ లారీ తోలుతాడు. ఎప్పుడో ఒకసారి ఇల్లు చేరి, పొద్దున ఆమె పొయ్యి దగ్గర, మాపున నా పొయ్యి దగ్గర తిని, ఎవరి కూర బాగుందో నోరు జారకుండా మళ్ళీ లారీ ఎక్కేవాడు. ఆ విషయంలో మాత్రం మహా తెలివైనవాడు.

వేరు పొయ్యి పెట్టించింది నేనే. బస్సు కండక్టరుగా చేరిన కొత్తలో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందర ఆడవాళ్ళంతా నిలబడి ఉంటే మా అత్త అంది: "మా కోడలు మొగోళ్ళ మీద పడుతా లేస్తా టిక్కెట్లు కొడ్తాది." అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నా నోరు మంచిది కాదు, కండక్టరు కాకముందు కూడా మంచిది కాదు. "ఈ పొద్దు నుంచి నీ చెయ్యి నా అన్నం మీద పడనీయను, నా ఒంటి మీద పడనీయను" అని అక్కడే, అందరూ వినేటట్టు అన్నాను. సాయంత్రానికి ఇంటికి రెండో స్టవ్వు వచ్చింది. ఆ రోజు నుంచి మాకు మాటలు లేవు.

ఒకే ఇంట్లో ఉంటూ బొత్తిగా మాటలు లేకుండా జరగదు కదా. అందుకని మధ్యలో బర్రె ఉండేది. ఆమె నాకు చెప్పాల్సిందంతా బర్రెకు చెప్పేది. "ఏమే, కొళాయి నీళ్ళు వచ్చినాయి, పట్టుకోకుంటే పోతాయి" అని దాని మెడ గోకుతూ అనేది. నేను కూడా బర్రెకే జవాబు చెప్పి బిందె తీసుకుని వెళ్ళేదాన్ని. మా ఇంటి సంగతులు ఆ బర్రెకు తెలిసినన్ని మా ఆయనకు తెలియవు.

ఆమె మీద నాకు వేరే కోపాలు కూడా ఉండేవి. ఒక ఏడాది ఉన్నట్టుండి బారెడు జడ మెడదాకా కత్తిరించుకుంది. ముసలితనంలో ఇదేం సోకు అని వీధిలో నలుగురినీ నవ్వించాను. గూట్లో ఉండే గిన్నెలన్నీ దించి నేల మీద పరిచింది. నేను తట్టుకుని పడాలనే పరిచిందనుకున్నాను. అన్నిటికన్నా చర్చిలో ఆమె కూర్చునే తీరు నాకు నచ్చేది కాదు. పాట ఊపందుకునేసరికి అందరి చేతులూ పైకి లేస్తాయి. ఆమె చేతులు మాత్రం ఒళ్ళో ముడుచుకునే ఉంటాయి. "చూడు, దేవుని ముందర కూడా చెయ్యెత్తదు, అంత గర్వం" అని నా పక్కన కూర్చునే ఆమె చెవిలో వేశాను. ఆమె చెవిలో వేస్తే మైకులో చెప్పినట్టే. ఆ మాట ఊళ్ళో బాగా నిలబడిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నా ఎడమ భుజం పట్టేసింది.

మొదట్లో ఆ పక్కకు ఒత్తిగిల్లితే నొప్పి ఉండేది. ఏదో పట్టు పట్టిందిలే అని మందు రుద్దుకున్నాను. షుగర్ ఉన్నవాళ్ళకు ఇట్లా వస్తుందట. నాకు షుగర్ ఉందనే నేను ఒప్పుకోని రోజులవి. చూస్తుండగానే చెయ్యి భుజం ఎత్తుకు కూడా లేవడం మానేసింది. వేరే పని అయితే ఎట్లాగో నెట్టుకొచ్చేదాన్ని. కండక్టరుకు ఎడమచెయ్యి ఉండేదే పైకడ్డీ పట్టుకోవడానికి. దాన్ని పట్టుకుని ఊగుతూ, మెళ్ళో వేలాడే మిషను కుడిచేత్తో నొక్కుతూ, జనాన్ని తోసుకుంటూ ముందుకూ వెనక్కూ తిరగాలి. పైగా ఆడవాళ్ళకు ఉచితం అయినప్పటి నుంచి కోడుమూరు బస్సులో కాలు పెట్టేందుకు తావు ఉండదు.

ఒకరోజు మలుపులో గొర్రెలు అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు కొట్టాడు. నేను పోయి పోయి ఒక పెద్దాయన ఒళ్ళో పడ్డాను. ఆయన ఒళ్ళో టమాటాల గంప ఉంది. "ఏమ్మా, టిక్కెట్టు నువ్వు నాకు కొడ్తాండావా, నేను నీకు కొట్టల్లా?" అన్నాడు ఆయన. బస్సంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. కానీ మా అత్త ఏనాడో అన్న మాట చెవిలో వినబడింది. మొగోళ్ళ మీద పడుతా లేస్తా. అక్షరాలా అదే జరుగుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

దానికన్నా సిగ్గుచేటు ఇంకొకటి ఉంది, చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. చెయ్యి లేవకపోతే చంక కడుక్కోవడం కుదరదు. ఒకరోజు బస్సులో నా పక్కనున్న ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఎవరో ఎండుచేపలు ఎక్కించారనుకుని, కసురుకుందామని చుట్టూ చూశాను. ఆమె నా వైపే చూస్తోంది. మిగతా దారంతా తలుపు దగ్గర గాలికి నిలబడి వచ్చాను.

డిపోలో మేనేజరు మంచి మాటగానే చెప్పాడు. "చెయ్యి బాగుచేసుకోమ్మా. కడ్డీ పట్టుకోలేనిదాన్ని బండి ఎక్కించి, రేపు నువ్వు పడి తల పగిలితే నేను జవాబు చెప్పాల. సెలవు పెట్టు, బాగుకాకపోతే అప్పుడు చూస్తాం." చూస్తాం అంటే ఏమిటో నాకు తెలుసు. ఈ ఉద్యోగం కోసం అత్తతో వేరు పొయ్యి పెట్టాను. ఇది పోగొట్టుకుని ఆ ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి?

కర్నూల్లో ఒక మేడమీద గదిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉందని తెలిసి వెళ్ళాను. చిన్నపిల్ల, మాట మాత్రం గట్టిది. అద్దం ముందు నిలబెట్టి చెయ్యెత్తమంది. ఎత్తాను.

"సూడక్కా, నీ చెయ్యి మోసం చేస్తాంది. కీలు కదల్లేదు, రెక్క ఎముక పైకి లేస్తాంది" అంది. నిజమే. చెయ్యి ఉన్నచోటే ఉంది, భుజం మాత్రం చెవిదాకా ఎగబాకింది.

బల్ల మీద పడుకోబెట్టి చంక దగ్గర చెయ్యి పెట్టబోతే నేను ముడుచుకుపోయాను. "వద్దమ్మా, సరిగా నీళ్ళు పోసుకోలేదు" అన్నాను. "నాకు జలుబులే అక్కా" అని ఆ పిల్ల చెయ్యి పెట్టేసింది. జలుబూ లేదు, పాడూ లేదు. కీలు పక్కనే పట్టుకుని, చెయ్యిని కిందికీ వెనక్కీ కొంచెం కొంచెంగా జరిపింది. చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. నాకు ప్రాణం పోయింది. "నీ చేతులు పడిపోనూ!" అని తిట్టేశాను.

"నా చేతులు పడిపోతే నీ చెయ్యి ఎవురు లేపుతారక్కా?" అంది నవ్వుతూ.

ముందు కీలు వదులు కావాలి, తర్వాత కండ సాగాలి, ఆ తర్వాతే బలం తెచ్చే పని అని చెప్పింది. తుప్పు పట్టిన తలుపును తన్నితే తెరుచుకోదు, బందు ఊడుతుందట. గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం నేర్పింది. చొక్కా వేసుకునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆఖరున తియ్యాలి అంది. "ఇంట్లో ఒక మనిషి నీ రెక్క ఎముకను అదిమిపట్టి, చెయ్యి పైకి లేపల్ల. ఒక్కదానివి చేస్తే అది మళ్ళీ మోసం చేస్తాది. ఇంట్లో ఎవురుండారు?"

"బర్రె ఉంది" అన్నాను. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ మరుసటి వారమే జరిగింది. పొద్దున్నే ఆ పిల్ల దగ్గరికి పోవాలనే తొందరలో, చెప్పింది మరిచిపోయి మంచి చెయ్యి ముందు దూర్చాను. డ్రెస్సు తల మీద చిక్కుకుంది. ఎడమచెయ్యి లోపల ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కు పోదు. లాగితే కళ్ళు తిరుగుతున్నాయి. ముఖం మీద గుడ్డ, ఒంటి మీద సగం లేదు, గది తలుపు గడియ వేయలేదు. ఎంతసేపు అట్లా నిలబడ్డానో. చివరికి పిలిచాను.

"అత్తా!"

ఆమె వచ్చింది. బర్రెతో పని పెట్టుకోలేదు. "కదలాకు" అని నాతోనే అంది. గుడ్డ మెల్లగా లాగింది. నా ముఖం బయటపడేసరికి ఆమె ముఖం అక్కడే ఉంది. ఆమెకు వాసన తెలిసింది. తెలిసిందని నాకూ తెలిసింది. ఆమె వేడినీళ్ళ బకెట్టు ఈడ్చుకొచ్చి, పీట వేసి, కూర్చోమంది. నా ఒంటి మీద పడనీయనని చర్చి ముందర అరిచిన చెయ్యి, సబ్బు పట్టుకుని నా చంకలో తిరిగింది. నేను చంటిపిల్లలాగా ఏడ్చాను. నొప్పి అని చెప్పాను. నొప్పి కాదు.

తర్వాత జడ వేస్తానంది. తను మంచం అంచున కూర్చుని "కింద కూర్చో, ఇంకా కిందికి జరుగు" అంది. నా తల ఆమె మోకాళ్ళకు ఆనింది. పగ తీర్చుకుంటోంది, కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుంటోంది అనుకున్నాను. అప్పుడు కూడా నా బుద్ధి అట్లాగే పోయింది.

భుజం అదిమిపట్టేది నేర్చుకోవడానికి ఆమే నాతో కర్నూలుకు వచ్చింది. ఫిజియో పిల్ల ఆమెను నా వెనక నిలబెట్టి, "అవ్వా, ఈ చెయ్యి రెక్క మీద పెట్టి అదుము. ఆ చేత్తో అక్క మోచెయ్యి పట్టి పైకి తీసుకపో" అంది. నా చెయ్యి కొంచెం లేచి ఆగిపోయింది.

"ఇంకా పైకి అవ్వా."

"ఇంతేనమ్మా లేసేది."

"అక్కది లేస్తాది, నువ్వు ఎత్తు."

"ఆమెది కాదు. నాది."

ఆ పిల్ల నన్ను వదిలేసి ఆమె దగ్గరికి పోయింది. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసింది. మా అత్త కుడిచెయ్యి రొమ్ము ఎత్తు దాటలేదు. "అవ్వా, ఇది ఎప్పట్నుంచి?"

"శానా యేండ్లాయ. మొదట్లో ప్రాణం తీసింది, కూచ్చోనే తెల్లారేది. తర్వాత నొప్పి పోయింది. చెయ్యి అట్నే నిల్సిపోయింది."

"మరి తల దువ్వుకునేకి?"

"కత్తిరిచ్చుకున్యా."

జుట్టు. నేల మీద గిన్నెలు. ఒళ్ళో ముడుచుకున్న చేతులు. నన్ను కిందికి జరిపి వేసిన జడ. ఇప్పటికైనా రోజూ వస్తే కొంత వస్తుందని ఆ పిల్ల చెబుతోంది. "నాకెందుకులేమ్మా, ఈమెది సూడు. ఈమెకు డూటీ ఉండాది" అంది మా అత్త.

తిరుగు బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. అడిగాను. "నాకెందుకు చెప్పలేదత్తా?"

"చెప్తి గదా. బర్రెకు చెప్తి."

అప్పుడు గుర్తొచ్చింది. నిజంగానే చెప్పింది. ఒక సాయంత్రం దాని పక్కన నిలబడి, "ఏమే, ఈ మధ్య నాకు చెయ్యి లేస్తాల్యా" అంది. పాలు నాచేత పిండించడానికి ఎత్తు వేస్తోందనుకున్నాను. నేనూ బర్రెకే జవాబిచ్చాను. "చెయ్యి లేవకపోతే పోయింది, నోరు లేవకుండా ఉంటే బాగుండు" అన్నాను. నా మాటకు నేనే నవ్వుకున్నాను కూడా.

ఆ మాపున ఆమె జొన్నరొట్టెలు చేసి నా అన్నం తట్టలో కూడా వేసింది. తిన్నాను.

రోజూ పొద్దున ఆమె మంచి చేత్తో నా భుజం అదిమిపట్టేది, నేను గోడ మీద వేళ్ళు పాకించేదాన్ని. పైకి ఎత్తే పని ఆమెకు కుదరదు కాబట్టి నోటితో ఎత్తేది. "ఊ, ఇంకా, అదేం ఎత్తడం, నిద్రపోతాండావా?" చెయ్యి నెమ్మదిగా చెవిదాకా వచ్చింది. కడ్డీ అందడానికి ఇంకొంచెం కావాలి.

ఒక ఆదివారం చర్చిలో పాట మొదలైంది. చేతులన్నీ లేచాయి. నా పక్కనామె నా చెవి దగ్గరికి వంగింది. "సూడు మీ అత్తను, ఈ పొద్దు గూడా చెయ్యెత్తల్యా. నువ్వు చెప్పినట్టే, దేవుని ముందర గూడా గర్వమే." నా మాట నాకే తిరిగి వచ్చింది. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అని పాస్టరు అనగానే లేచాను. అందరి ముందర అన్న మాట అందరి ముందరే కడుక్కుందామనుకున్నాను. నోరు తెరిచేలోపల వెనక నుంచి ఎవరో నా కొంగు పట్టి కిందికి లాగారు. మా అత్త.

బయటికి వచ్చాక, చర్చి గోడ పక్కన అడిగింది. "ఏం చెప్పబోతివి?"

"నీది గర్వం కాదని."

"చెప్పాకు. గర్వమే అనుకోనీ. అవిటిదని జాలి పడేదానికన్నా అది మేలు. ఆ మాట మీదనే ఇన్నేండ్లు తలెత్తుకోని తిరిగినా." కొంగు సర్దుకుంది. "ఆ మాట అన్నెదెవురో గూడా నాకు తెలుసులే."

నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. క్షమించమని అడగబోయాను. ఆమె అప్పటికే నా వెనక్కి వచ్చి, మంచి చెయ్యి నా రెక్క మీద పెట్టి అదిమింది. చర్చి నుంచి జనం వెళుతున్నారు, చూస్తున్నారు.

"ఎత్తు. కడ్డీ అందల్ల గదా. నా మాదిరి నిల్సిపోవాకు, ఎత్తు."

వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసే ధైర్యం లేక, సున్నం గోడనే చూస్తూ ఎత్తాను.