గార్డు పాల్ పాట, నేను పెట్టిన గుర్తు

ఆ ఇటలీ మనిషి మా క్వార్టర్ గుమ్మంలో చెప్పులు విప్పి, వాటిని జతగా సర్ది మరీ లోపలికి వచ్చాడు. అక్కడే నాకు అనుమానం తగిలింది. అంత మర్యాద చూపించేవాళ్ళని నేను నమ్మను. నమ్మి ఒకసారి దెబ్బతిన్నాం.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఆయన గురించి చెప్పాలి. పేరు పాల్. కిరండూల్ గనుల నుంచి ఇనుప రాయి విశాఖపట్నం దింపుకెళ్ళే గూడ్సు బండికి గార్డు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలట, నేను మాత్రం గార్డనే అంటాను. మా అత్త చిన్నమ్మి విజయనగరం వైపు నుంచి ఈ లైను వేసే పనికి వచ్చింది. ఈయన కడుపులో ఉండగా, నెలలు నిండేదాకా కంకర తట్ట నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. ఒకసారి ఆగితే మళ్ళీ కాలు లేవదని ఎక్కడా ఆగేది కాదట.

బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని మా ఆయన పాటలు కట్టేవారు. సొరంగాల్లో గొంతెత్తి పాడి చూసుకునేవారు, వద్దనేవాడెవడుంటాడు అక్కడ? బాగా కుదిరిన వరసని పాత కాగితాల వెనక స్వరాలు వేసి ఇంటికి తెచ్చేవారు. మా చర్చి క్వయర్‌ని పాతికేళ్ళుగా ఆయనే నడుపుతున్నారు. ఆయన కట్టినవాటిలో ఒక పాట మాత్రం ఎవరు విన్నా అలా ఉండిపోతారు. నిండు చూలాలు మరియమ్మ బెత్లెహేముకి నడిచి వెళ్ళే పాట. మూడో చరణంలో పొడుగాటి వరస ఒకటుంది, మధ్యలో ఆగకుండా ఒక్క బిగిన పాడాలి. అందరూ అది మరియమ్మ నడక అనుకుంటారు. అది మా అత్త నడక అని నాకు తెలుసు.

ఆ పాటనే ఒకడు ఎత్తుకుపోయాడు. రెండువేల మూడు క్రిస్మస్‌కి కోస్తా నుంచి ఒక గాయకుడు వచ్చాడు. నా చేతి చేపల పులుసు తిని, అన్నయ్యగారూ అన్నయ్యగారూ అంటూ పాట రాసుకుపోయాడు. మరుసటేడు క్యాసెట్ వచ్చింది. అట్ట మీద సంగీతం అని వాడి పేరుంది. మా ఆయన వెళ్ళి అడిగితే, "జెండాలూపుకునేవాడికి పాటలెందుకు బాబూ" అన్నాడట. పైగా మా కాలనీలోనే కొందరు, పాల్ గారే క్యాసెట్ విని కాపీ కొట్టారన్నారు. ఆ తర్వాత ఆయన కొత్త పాట ఒక్కటీ కట్టలేదు. చచ్చేలోగా ఆ పాట మీద ఆయన పేరు చూడాలి, అదొక్కటే నా కోరిక.

క్వయర్‌లో పాడే కల్యాణి అని స్కూల్ టీచరొకామె ఉంది. ఆ అమ్మాయి మా పాట మొదటి రెండు చరణాలు ఫోన్లో తీసి నెట్‌లో పెట్టింది. అది విని వచ్చాడు ఈ ఇటలీ మనిషి, పేరు జాన్‌లూకా. విశాఖపట్నంలో ఏదో సంగీత సభకి వచ్చి, ఒక్క రోజు వీలు చేసుకుని మా దగ్గరికి రైలెక్కాడు. అతని పుట్టుపూర్వోత్తరాలన్నీ ముందే కల్యాణి చేత చదివించాను. కొండ మీది ఊళ్ళో చర్చి ఆర్గన్ వాయించేవాడి కొడుకు. పెద్ద కాలేజీలో సంగీతం కట్టడం నేర్చాడు. చిన్న ఊళ్ళ క్వయర్లని నడిపీ నడిపీ ఇప్పుడు వందమందిని నిలబెట్టి పాడించే స్థాయికి వచ్చాడు. వరి పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళ పాటలతో పెద్ద సంగీతమొకటి కట్టి పేరు తెచ్చుకున్నాడు.

"ఆ ఆడోళ్ళ పేర్లేసినాడా?" అని అడిగాను.

"ఇందులో అదేం రాయలేదు ఆంటీ."

"రాయరు. ఎందుకు రాస్తారు?"

నా ఖర్మకి ఆ రోజే, అతని రైలు దాటాక, ఘాట్‌లో పట్టాల మీద బండరాళ్ళు పడి మా ఆయన బండి కోరాపుట్ అవతల ఆగిపోయింది. పాల్ గారు లేరంటే అతని మొహం చిన్నబోయింది. నటన, అనుకున్నాను. చర్చిలో క్వయర్‌ని తనే పాడిస్తానన్నాడు, రికార్డు చేసుకోడానికి ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాడు. పేరు స్పష్టంగా చెప్పమని మా ఆయన పేరు రాసుకున్నాడు. ఆ క్యాసెట్ వాడూ రాసుకున్నాడు కదా!

మూడో చరణం వచ్చింది. పొడుగాటి వరస మధ్యలో అతను ఇంకా గట్టిగా పాడమన్నట్టు రెండు చేతులూ తల మీదికెత్తాడు. అంతే, ముప్ఫై గొంతులూ టక్కున ఆగిపోయాయి. చేతిలో జెండా లేనప్పుడు రెండు చేతులూ పైకెత్తితే బండి ఆపమని అర్థం. మా రైల్వే కాలనీలో చంటిపిల్లకైనా తెలుసు. అందుకే మా ఆయన పాడించేటప్పుడు చేతులు భుజాలు దాటనివ్వరు.

జాన్‌లూకా కంగారుపడి, ఇక్కడ ఆగడం పాటలోనే ఉందా అని కల్యాణిని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె నవ్వుతూ అసలు సంగతి చెప్పబోయింది. నాకు చటుక్కున బుర్రలో వెలిగింది. వీడు పాట ఎత్తుకుపోయాడంటే, ఇవాళ మా చర్చిలో తప్ప ఎక్కడా లేని ఈ ఆగడమే దొంగని పట్టించే గుర్తవుతుంది. కల్యాణి చెయ్యి గిల్లాను.

"పాటలోనే ఉందని సెప్పు."

"అదేంటి ఆంటీ, అక్కడ..."

"సెప్పమన్నాను గదా!"

చెప్పింది. అతను గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ మాట శ్రద్ధగా రాసుకున్నాడు. మా వాళ్ళందరిచేతా మళ్ళీ అలాగే పాడించాను. రెండు రోజులకి మా ఆయన ఇల్లు చేరారు. అతను వచ్చాడు, విన్నాడు, వెళ్ళాడు అని చెప్పాను. గుర్తు సంగతి దాచుకున్నాను, క్వయర్ వాళ్ళనీ నోరు విప్పొద్దన్నాను.

ఏడాది తిరిగింది. డిసెంబరులో ఒక ఉదయం కల్యాణి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పెద్ద చర్చిలో వందమంది, వచ్చీరాని తెలుగులో మా పాట. కింద అక్షరాలు పడ్డాయి. సంగీతం పాల్, గూడ్సు గార్డు, కిరండూల్. ఓలమ్మో! నాకు ఏడుపాగలేదు. మా ఆయన బనీనుతోనే లేచి నిలబడ్డారు.

మూడో చరణంలో పొడుగాటి వరస మొదలైంది. జాన్‌లూకా రెండు చేతులూ పైకెత్తాడు. వందమందీ టక్కున ఆగారు.

మా ఆయన ఫోన్ మీదికి వంగారు.

"అక్కడెందుకాగినారు? మా అమ్మని ఆపీసినారేటి?"

ఇటలీవాడే మార్చాడని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కల్యాణి నన్నే చూస్తోంది.

"నేనే," అన్నాను. "దొంగ దొరకాలని నేనే అబద్ధం సెప్పించానండీ." జరిగిందంతా చెప్పాను.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన మంచం మీద కూలబడి, పాటని మళ్ళీ ఆ చోటికి తిప్పించుకుని విన్నారు.

"నువ్వు సెప్పింది సెప్పినట్టు నమ్మీసినాడు గదే స్వర్ణా," అన్నారు.

అక్కడ ఇంక ఉండలేకపోయాను. కల్యాణిని వంటింట్లోకి తీసుకెళ్ళి అతనికి ఉత్తరం రాయించాను. ఆ వరసలో ఆగడం లేదని, మా అత్త ఎక్కడా ఆగలేదని, తప్పు అతనిదీ క్వయర్‌దీ కాదు, నాదని రాయమన్నాను. కింద స్వర్ణకుమారి అని నా పేరు అక్షరం అక్షరం చెప్పి రాయించాను.