బొమ్మ చేతిలో నా చిటికెన వేలు

"నేర్పింది నేను. కెమెరా ముంగట నిలబడేది నువ్వానే?"

"నేనేమన్న పోయి అడిగిన్నా అక్కా? వాళ్లే పిలిచిండ్రు. నీ కుడిచెయ్యి భుజం దాటి లేస్తలేదాయె."

"ఆ లేవని చెయ్యితోనే గదనే నీకు సైగలన్నీ నేర్పింది."

"అవ్, కాదన్ననా? గట్లని బొమ్మ గూడ సగం చెయ్యే ఎత్తాల్నా?"

బూర్గంపాడు దగ్గరి బధిర పిల్లల బడి వంటగదిలో, నేను కొలువు నుంచి దిగిపోవడానికి ముందు ఏడాది, మరియమ్మకూ నాకూ జరిగిన తగాదా ఇది. ఐదో తరగతితో చదువు ఆగిన నేను అక్కడ ఆయాగా చేరాను. పిల్లల చేతులు చూసి చూసి సైగలు పట్టుకున్నాక సైగల సహాయకురాలినయ్యాను. మరియమ్మ నా తర్వాత వచ్చిన ఆయా; నా దగ్గరే నేర్చుకుంది.

ఆ ఏడు హైదరాబాదు నుంచి ఒక బృందం వచ్చింది. పాఠాలను సైగల్లో చెప్పే మనిషి బొమ్మను కంప్యూటర్‌లో తయారు చేయడం వాళ్ల పని. సైగలు చేసే మనిషికి తీగల గ్లౌజులు తొడుగుతారు. ఏ వేలు ఎంత వంగిందో కంప్యూటర్‌కు చేరుతుంది. తెరమీది బొమ్మ అట్లాగే వంచుతుంది. ముఖం కదలికలను కెమెరా విడిగా పట్టుకుంటుంది. మనిషి చేసే పనికి ఇంత కరెంటు దండగని గొణిగాను గానీ, అసలు బాధ అది కాదు. నేను వెళ్లిపోయాక పిల్లలు చూసేది మరియమ్మ చేతుల్ని. అది నాకు మింగుడుపడలేదు.

మొదటి పాఠం అడవిలో దొరికే వాటి మీద. తెరమీద బొమ్మ బీడీల తునికాకు కట్ట కట్టే సైగ చేస్తుంటే, చిటికెన వేలు నిటారుగా ఉందేమిటి, ఆ సైగే అట్లా ఉంటుందా అని బృందంలోని ఇంజనీరు మేడం అడిగింది. అంతేనంది మరియమ్మ. నాకు వెంటనే తెలిసిపోయింది. చిన్నప్పుడు విసుర్రాయి కింద నలిగిన నా వేలు మడత పడదు. మరియమ్మ దాన్ని కూడా సైగే అనుకుని నేర్చుకుంది. నోరు మూసుకుంటే ఆ బొమ్మలో నేనుంటాను. మూసుకునే కూర్చున్నాను.

అడవి పల్లె నుంచి కొత్తగా వచ్చిన పిల్ల సుక్కి ముందు వరుసలో బొమ్మను చూస్తూ ఉత్త చేతులతో కట్ట కడుతోంది. దాని చిటికెన వేలు మాటిమాటికీ మడుచుకుపోతుంటే, కట్టడం ఆపి రెండో చేత్తో గుంజి నిలబెడుతోంది.

వేలు అట్లా నిలబెట్టడం సైగ కాదని, అది నా అవిటితనమని మేడంతో చెప్పాను. తీసినదంతా కొట్టేసి రేపు మళ్లీ తీయాలన్నారు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదక్కా?" అంది మరియమ్మ. "మందిల నా ఇజ్జత్ తీసినవ్."

"నువ్వడిగితివానే?"

నేర్పేవాళ్లు సైగ ఏదో, తమ ఒంటి లోపం ఏదో ముందే విడదీసి చెప్పాలి. చూసి నేర్చుకునేవాళ్లకు ఆ తేడా కనబడదు.

మరునాడు పొద్దున మరియమ్మ మళ్లీ గ్లౌజులు తొడుక్కుంది. ఆ చేతులతో పైట సర్దుకోలేక భుజం నా వైపు తిప్పింది. పిన్ను పెట్టాను. కడుపుమంట మాత్రం అట్లాగే ఉంది. తెరమీద బొమ్మ వేళ్లన్నీ మడిచి కట్ట కట్టింది. సుక్కి కూడా కట్టింది.